ట్రీ, స్టాక్ లెక్కలు: ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటూ విప్పే పద్ధతి

ఆదివారం పొద్దున నల్లగొండలో మా మిద్దె మీద నలుగురైదుగురు ఇంజినీరింగ్ పిల్లలు చేరుతారు. ల్యాప్‌టాప్‌లు సంచుల్లోనే ఉంటాయి. మొదటి ఇరవై నిమిషాలూ గచ్చు మీద సుద్దముక్కతో బొమ్మ, నోటితో మాట, అంతే. ఈ నియమం నా దెబ్బ నుంచి పుట్టింది. చదువు అయిన కొత్తలో హైదరాబాదులో ఒక ఇంటర్వ్యూలో ట్రీ (ప్రోగ్రామింగ్‌లో సమాచారాన్ని కొమ్మలు కొమ్మలుగా అమర్చే పద్ధతి) లెక్క ఇచ్చారు. పావుగంట నోరు మెదపకుండా రాసి కాగితం అటు తిప్పాను. జవాబు సరైనదే. "ఇది ఎందుకు పనిచేస్తుందో చెప్పండి" అన్నారు. చెప్పలేకపోయాను. అంతకు ముందు వారమే బట్టీపట్టిన లెక్క అది. ఉద్యోగం రాలేదు, రావలసిన పని కూడా లేదు.

ట్రీని, స్టాక్‌ను పుస్తకాలు రెండు అధ్యాయాలుగా చెబుతాయి. నేను కలిపే చెబుతాను. కొమ్మ వెంట దిగినవాడు తిరిగి ఎక్కడికి రావాలో గుర్తుపెట్టుకునే చోటు స్టాక్. ఈ ఒక్క సంగతి పట్టుబడితే, వేర్వేరుగా కనిపించే లెక్కలు చాలావరకు ఒకే కుటుంబానివని తెలుస్తుంది.

కూర్చునే తీరు

ఇద్దరు చాలు. ఒకరు చెప్పేవారు, ఒకరు అడిగేవారు. అడిగేవారికి జవాబు తెలిసినా చెప్పకూడదు. "ఖాళీగా వస్తే?", "ఒక్కటే ఉంటే?", "ఈ గీత ఎందుకు గీశావు?" లాంటివి మాత్రమే అడగాలి. ఇది వినడానికి తేలిక, పాటించడానికి కష్టం. తెలిసిన జవాబును నోట్లో పట్టుకుని కూర్చోవడం మనవాళ్లకు అలవాటు లేని పని. అయినా లాభం అడిగేవారికే ఎక్కువ. ఎదుటివాడి ఆలోచన ఎక్కడ జారిందో పట్టుకోవడం నేర్చుకున్నవాడు రేపు తన తప్పును తానే పట్టుకుంటాడు. లెక్క పూర్తయ్యాక పాత్రలు మార్చుకోండి.

చెప్పేవారు మొదట చేయవలసింది లెక్కను సొంత మాటల్లో తిరిగి చెప్పడం. ఇచ్చిన వాక్యాన్నే అప్పజెబితే లెక్కలోకి రాదు. "నా చేతికి ఏమిటి వస్తుంది, నేను ఏమిటి తిరిగి ఇవ్వాలి" అన్న రెండు ముక్కలు బయటికి రావాలి. తర్వాత నాలుగైదు అంకెలకు మించని చిన్న ఉదాహరణ గీసి, చేత్తో జవాబు కట్టాలి. చేత్తో కట్టలేని జవాబును కంప్యూటర్‌కు చెప్పలేం.

స్టాక్: ఇంకా తీరని పనుల దొంతర

స్టాక్ అంటే దొంతర. మార్కెట్ యార్డులో వడ్ల బస్తాలు ఒకదానిపై ఒకటి పేర్చారు. చివర పెట్టినది మొదట దిగుతుంది, అడుగు బస్తా కావాలంటే పైవన్నీ దించాలి. పైన పెట్టడం పుష్, పైనుంచి తీయడం పాప్. ఇంతవరకు అందరికీ వచ్చు. అయితే ఈ ఉపమానం ఒక తప్పు కూడా నేర్పుతుంది: స్టాక్ అంటే దాచుకునే గోదాము అనుకుంటారు. లెక్కల్లో స్టాక్ దాచడానికి కాదు. మొదలుపెట్టి ఇంకా ముగించని పనులు తమ వంతు కోసం ఎదురుచూసే చోటు అది. కాబట్టి స్టాక్ లెక్క ఎదురైతే అడగవలసిన ప్రశ్న ఒకటే: "ఇందులో ఎవరు, దేని కోసం ఎదురుచూస్తున్నారు?"

ఈ ఆలోచన కంప్యూటర్లంత పాతది. ఒక పని మధ్యలో ఇంకో ఉపపనిలోకి వెళ్లి తిరిగి రావడానికి 1946లోనే బ్రిటిష్ గణిత శాస్త్రవేత్త అలన్ ట్యూరింగ్ పాతిపెట్టడం, తవ్వి తీయడం అనే అర్థం వచ్చే మాటలు వాడాడు. 1957లో జర్మనీలో బావర్, సామెల్సన్ అనే శాస్త్రవేత్తలు ఇదే పద్ధతికి పేటెంట్ దరఖాస్తు పెట్టారు. వాళ్లు దీన్ని నేలమాళిగతో పోల్చారు.

బ్రాకెట్ల లెక్కతో మొదలుపెట్టండి. బ్రాకెట్ల వరుస ఇస్తారు, సరిగ్గా మూసుకున్నాయో లేదో చెప్పాలి. ఎవరైనా మొదట అనే మాట: "తెరిచినవి లెక్కపెడదాం, మూసినవి లెక్కపెడదాం, సమానమైతే సరే." ఈ మాట వచ్చినప్పుడు తప్పని కొట్టిపారేయకండి. కింద ఇది రాసి ఊరుకోండి:

( [ ) ]

లెక్క సమానమే, అల్లిక తప్పు. గుండ్రని బ్రాకెట్ మూసుకునే సమయానికి దాని లోపల చదరపుది ఇంకా తెరిచే ఉంది. ఇక్కడ "చివర తెరిచింది మొదట మూయాలి" అన్న మాట వాళ్ల నోటే వస్తుంది. అది వచ్చాక స్టాక్ పేరు నేను ఎత్తవలసిన అవసరమే ఉండదు. తెరిచిన ప్రతి బ్రాకెట్ తనను మూసేవాడి కోసం దొంతరలో ఎదురుచూస్తుంది. మూసే బ్రాకెట్ రాగానే పైదానితో జత చూడాలి.

తప్పు మూడు చోట్ల దొరుకుతుంది. మూసేది వచ్చేసరికి దొంతర ఖాళీ. లేదా పైన ఉన్నది వేరే రకం. లేదా వరుస అయిపోయింది కానీ దొంతరలో ఇంకా మిగిలాయి. మూడోదాన్ని మరిచిపోని పిల్లవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. అడిగేవారు "((" అని రాసి చూపిస్తే చాలు.

ఇప్పుడు కొంచెం బరువైన లెక్క. మన జిల్లాకు బత్తాయి తెలిసిన పంట కాబట్టి దానితోనే చెబుతాను, అంకెలు మాత్రం ఊహించినవి. ఆరు రోజుల ధర, టన్నుకు వేలల్లో: 18, 16, 15, 21, 19, 24. ప్రతి రోజుకూ, అంతకంటే ఎక్కువ ధర రావడానికి ఎన్ని రోజులు ఆగాలో చెప్పాలి.

ప్రతి రోజు దగ్గర నిలబడి ముందుకు వెతుక్కుంటూ పోవడం సూటి దారి. దాన్ని ముందు ఒప్పుకోవాలి, ఖర్చు చెప్పాలి: లక్ష రోజుల ధరలు వరుసగా తగ్గుతూ పోతే ప్రతి రోజూ చివరిదాకా వెతకాలి, మొత్తం దాదాపు 500 కోట్ల పోలికలు. ఆ తర్వాత మన ప్రశ్న వేయండి: ఎవరు, దేని కోసం ఎదురుచూస్తున్నారు? తనకంటే పెద్ద ధర ఇంకా చూడని రోజులు, ఆ ధర కోసం.

నడిపి చూద్దాం. 18 ఎక్కింది. 16 దానికంటే తక్కువ, ఎవరికీ జవాబు కాలేదు, తానూ ఎక్కింది. 15 కూడా అంతే. నాలుగో రోజు 21 వచ్చింది. పైనున్న 15 దిగింది, జవాబు 1 రోజు. 16 దిగింది, 2 రోజులు. 18 దిగింది, 3 రోజులు. ఖాళీ దొంతర మీదికి 21 ఎక్కింది. 19 దాని మీద ఎక్కింది. 24 రాగానే 19 దిగింది, 1 రోజు. 21 దిగింది, 2 రోజులు. 24 ఎక్కింది, దానికి ఎవరూ రాలేదు, జవాబు 0.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి గమనించండి. ఏ క్షణంలో చూసినా దొంతరలో అడుగు నుంచి పైకి ధరలు పెరగవు. ఎందుకు? పెద్దది వస్తే కింది చిన్నవాటిని దించకుండా ఎక్కదు కాబట్టి. ఈ వాక్యం పలకగలిగినవాడికే లెక్క వచ్చినట్టు. కోడ్ రాయడం దీని తర్వాత గుమాస్తా పని.

"అన్నా, లూప్ లోపల లూప్ ఉంది కదా, ఇది కూడా నెమ్మదే" అని ఒక అమ్మాయి పట్టుబట్టింది. లూప్ అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడ్. మంచి అనుమానం. దీనికి సమాధానం హమాలీ లెక్కలో ఉంది. ప్రతి బస్తా ఒక్కసారే ఎక్కుతుంది, ఎక్కువలో ఎక్కువ ఒక్కసారే దిగుతుంది. మన ఉదాహరణలో ఆరు ఎక్కడాలు, ఐదు దిగడాలు, మొత్తం 11. ఒక రోజు మూడు బస్తాలు దిగినా, ఆ మూడూ మళ్లీ దిగవు. లక్ష రోజులకు రెండు లక్షల కదలికలు మించవు. ఇంకో ప్రశ్న అడిగేవారి జేబులో ఉండాలి: "సమానమైన ధర వస్తే దించాలా?" ఎక్కువ కావాలన్నారు కాబట్టి దించకూడదు.

పిల్లలమర్రి ట్రీ కాదు

ట్రీ అనగానే మా మహబూబ్‌నగర్ పిల్లలు పిల్లలమర్రి గీస్తారు. 700 ఏళ్లదంటారు, దాదాపు మూడెకరాల్లో పరుచుకుంది, గీయాలనిపించడం సహజమే. కానీ కంప్యూటర్ శాస్త్రం లెక్కన అది ట్రీ కాదు. కొమ్మ నుంచి దిగిన ఊడ నేలలో నాటుకుని ఇంకో మానవుతుంది. ఒక చీమ మొదటి మాను మీదుగా ఎక్కి, కొమ్మ వెంట నడిచి, ఊడ మీదుగా దిగి, నేల మీదుగా మొదటి చోటికే రాగలదు. అంటే చుట్టు ఉంది. చుట్టు ఉన్నది గ్రాఫ్. అందులో తిరిగేటప్పుడు చూసిన చోట్లను గుర్తుపెట్టుకోకపోతే ఎప్పటికీ తిరుగుతూనే ఉంటాం. ట్రీలో ఆ బెంగ లేదు.

నిజమైన ఉదాహరణ కావాలంటే సాగర్ ఎడమ కాలువ బొమ్మ గీయండి. పెద్ద కాలువ నుంచి చిన్న కాలువలు, వాటి నుంచి ఇంకా చిన్నవి, చివర పొలం తూము. ఏ పొలం నుంచి వెనక్కి చూసినా పైకి ఒకే దారి. పైకి ఒకే దారి ఉండటమే ట్రీ లక్షణం. నీళ్లు మొదలయ్యే చోటు రూట్, చీలే ప్రతి చోటు నోడు, చివరి తూము లీఫ్. ప్రతి నోడు దగ్గర ఎక్కువలో ఎక్కువ రెండుగా చీలితే బైనరీ ట్రీ. చిత్రం ఏమిటంటే, రూట్ అంటే వేరు, మనం దాన్ని పైన గీస్తాం. దీని గురించి ఎవరూ మథనపడవద్దు.

నోడు దగ్గర నిలబడి అడగవలసిన ప్రశ్న

ట్రీ మొత్తాన్ని ఒకేసారి చూడబోతే తల తిరుగుతుంది. ఏదో ఒక నోడు మీద నిలబడండి. ఎడమ కొమ్మ, కుడి కొమ్మ తమ పని ముగించి తలా ఒక ముక్క తెచ్చి మీ చేతిలో పెడతాయి. అడగవలసింది: "వాళ్లు నాకు ఏమి తెచ్చి ఇస్తే, నేను పైవాడికి అదే రకం ముక్క ఇవ్వగలను?" ఎడమ కొమ్మ లోపల ఏమి జరుగుతుందో తొంగి చూడకూడదు. చూడటం మొదలుపెడితే రికర్షన్, అంటే ఒక పని తనలోని చిన్న భాగం కోసం మళ్లీ తననే పిలుచుకోవడం, అర్థం కాదు. ఇది నమ్మకానికి సంబంధించిన విషయం అనిపిస్తుంది కానీ కాదు, ఖాళీ కొమ్మకు జవాబు సరిగ్గా చెబితే మిగిలిందంతా దాని మీదే కట్టుకుంటుంది.

ఎత్తు లెక్కతో మొదలుపెట్టండి. ముందే అడగాలి: ఎత్తును నోడ్లతో కొలవాలా, వాటి మధ్య గీతలతోనా? పుస్తకానికో పద్ధతి. నేను నోడ్లతో కొలుస్తాను, ఖాళీకి 0. కొమ్మలు రెండూ తమ ఎత్తు తెస్తాయి, పెద్దదానికి 1 కలిపి పైకి పంపుతాను. అయిపోయింది.

దీన్నే కాస్త మెలిపెడితే వ్యాసం (డయామీటర్) లెక్క వస్తుంది: ట్రీలో ఏ రెండు నోడ్ల మధ్యనైనా ఉన్న అతి పొడవైన దారిలో ఎన్ని గీతలు? కాలువ గట్టు వెంట ఒక చివరి పొలం నుంచి ఇంకో చివరి పొలానికి నడవడం అనుకోండి. చాలామంది ఆ దారి రూట్ మీదుగానే పోతుందనుకుని పప్పులో కాలేస్తారు. ఒక ట్రీ గీయండి: రూట్‌కు ఎడమన ఒకే ఒక కొమ్మ. ఆ కొమ్మ మొదట్లోని నోడుకు ఎడమ వైపు రెండు నోడ్ల లోతు, కుడి వైపు మూడు నోడ్ల లోతు. ఆ నోడు మీదుగా దారి 2 + 3 = 5 గీతలు. రూట్ మీదుగా 4 + 0 = 4 మాత్రమే.

ఇక్కడే అసలు ఇరుకు. నోడు పైకి పంపవలసినది వేరు, తన దగ్గర రాసుకోవలసినది వేరు. పైవాడికి నా మీదుగా మలుపు తిరిగే దారి పనికిరాదు, ఎందుకంటే రెండు వైపులకూ దిగిన దారి మళ్లీ పైకి ఎక్కలేదు. వాడికి నా ఎత్తు మాత్రమే కావాలి. మలుపు దారి పొడవును నేను పక్కన గోడ మీద రాసుకుంటాను. తెలుగులో రాస్తే ఇలా ఉంటుంది:

ఎత్తు(నోడు):
   నోడు లేకపోతే 0 ఇవ్వు
   ఎ = ఎత్తు(ఎడమ కొమ్మ)
   కు = ఎత్తు(కుడి కొమ్మ)
   గోడమీద = పెద్దది(గోడమీద, ఎ + కు)
   1 + పెద్దది(ఎ, కు) ఇవ్వు

గోడమీది అంకె మొదట 0. ఆ ఒక్క వరుస తీసేస్తే మిగిలేది ఎత్తు లెక్కే. పైకి పంపేది, గోడ మీద రాసేది వేరైన లెక్కలు ఇంకా చాలా ఉన్నాయి. అతి పెద్ద మొత్తం వచ్చే దారి అనే పేరుమోసిన కష్టమైన లెక్క కూడా ఇదే అచ్చు.

రెండు పొలాలకు నీళ్లు ఎక్కడ విడిపోయాయో కనుక్కోవడం ఇంకొకటి. రెండు నోడ్లకు ఉమ్మడిగా ఉన్న అతి దగ్గరి పైనోడు కావాలి. కొమ్మ తెచ్చేది "నాలో ఏమీ లేదు" లేదా "ఇదిగో, దొరికింది" అన్న ముక్క. రెండు వైపుల నుంచీ దొరికాయంటే విడిపోయిన చోటు నేనే. ఒక్క వైపు నుంచే దొరికితే అదే పైకి పంపుతాను. వెతికే రెండింటిలో ఒకటి ఇంకోదానికి పైనే ఉంటే? నేనే వెతుకుతున్న నోడైతే కిందికి చూడకుండా నన్నే పంపేస్తాను, సరిపోతుంది. రెండూ ట్రీలో ఉన్నాయన్న హామీ ఉంటేనే సుమా.

కొన్నిసార్లు ముక్క పైనుంచి కిందికి రావాలి

బైనరీ సెర్చ్ ట్రీ అంటే ప్రతి నోడుకు ఎడమ వైపువన్నీ చిన్నవి, కుడి వైపువన్నీ పెద్దవి. ఒక ట్రీ ఇచ్చి అది అలా ఉందో లేదో చెప్పమంటారు. "ప్రతి నోడు దగ్గర ఎడమ పిల్ల చిన్నదా, కుడి పిల్ల పెద్దదా చూస్తే చాలు" అనే జవాబు ఠక్కున వస్తుంది. అడిగేవారు మాట్లాడకుండా మూడు నోడ్లు గీయాలి: రూట్ 50, దాని ఎడమన 30, ఆ 30కి కుడివైపు 60. 30 కంటే 60 పెద్దది, బాగుంది. 50 కంటే 30 చిన్నది, అదీ బాగుంది. కానీ 60 కూర్చున్నది 50కి ఎడమ వైపు. పైన "వన్నీ" అన్న మాట ఉంది, "పిల్ల" అన్న మాట లేదు. లెక్కను సొంత మాటల్లో చెప్పమన్నది ఇందుకే.

పొలానికి హద్దురాళ్లు ఉన్నట్టు, దిగే ప్రతి నోడుకూ పైనుంచి రెండు హద్దులు వెంట రావాలి. రూట్‌కు హద్దుల్లేవు. ఎడమకు దిగితే పై హద్దు 50 అవుతుంది. అక్కడి నుంచి కుడికి దిగితే కింది హద్దు 30. అంటే 60 అడుగుపెట్టిన చోట 30కి, 50కి మధ్యవే ఉండాలి, దొరికిపోయింది. సమానమైన అంకెలు రావచ్చా అన్నది ముందే అడిగి తేల్చుకోండి.

రికర్షన్‌లో దాగిన స్టాక్

ఎత్తు లెక్కలో ఎడమ కొమ్మలోకి దిగినప్పుడు, "తిరిగి వచ్చి కుడి కొమ్మ చూడాలి" అని ఎవరు గుర్తుపెట్టుకున్నారు? మనం రాయలేదు. భాష తనంత తాను ఒక దొంతర పెట్టి, తీరని ప్రతి పనినీ అందులో ఉంచింది. ట్రీ ఎంత లోతైతే దొంతర అంత ఎత్తు. 20 వరుసల్లో ఖాళీల్లేకుండా పేరిస్తే 10 లక్షలకు పైగా నోడ్లు పడతాయి, దొంతర 20 మించదు. కానీ అదే 10 లక్షల నోడ్లు ఒకే వైపుకు గొలుసులా వేలాడితే దొంతర 10 లక్షలు అవుతుంది. పైథాన్ భాషలో ఈ దొంతరకు మామూలుగా ఉండే హద్దు 1000, కాబట్టి అక్కడ ప్రోగ్రాం కూలిపోతుంది. అంకెలను వరుస క్రమంలో చేర్చుకుంటూ పోతే ఈ గొలుసే తయారవుతుంది. అలా కాకుండా ట్రీ తనను తాను సరిదిద్దుకునే పద్ధతిని 1962లో సోవియట్ గణిత శాస్త్రవేత్తలు అదెల్సన్ వెల్‌స్కీ, లాందిస్ ప్రకటించారు. వాళ్ల పేర్ల మీదే అది ఏవీఎల్ ట్రీ.

గొలుసు భయం ఉన్నప్పుడు దొంతరను మన చేతిలోకి తీసుకోవాలి. ఇన్‌ఆర్డర్ అంటే నోడ్లను ఎడమ, తాను, కుడి అన్న వరుసలో చూడటం. 50 రూట్, కింద 30, 70. 30 కింద 20, 40. ఎడమకు దిగగలిగినంత దిగుతూ దారిలోని నోడ్లను దొంతరలో పెట్టండి: 50, 30, 20. పైది తీసి రాయండి: 20. దానికి కుడి లేదు. మళ్లీ తీయండి: 30. దీనికి కుడివైపు 40 ఉంది, అక్కడి నుంచి మళ్లీ ఎడమకు దిగడం మొదలు, 40 ఎక్కింది. తీసి రాయండి. తర్వాత 50, దాని కుడికి 70. వచ్చిన వరుస 20, 30, 40, 50, 70. సెర్చ్ ట్రీ అయితే ఈ వరుస ఎప్పుడూ పెరుగుతూనే ఉంటుంది. పైన 30, 60, 50 అని వచ్చే ట్రీ ఇక్కడ కూడా దొరికిపోతుంది.

అడిగేవారికి ఒక కొంటె ప్రశ్న ఇస్తాను: "40 దొంతరలో ఉన్నప్పుడు దాని కింద ఏమున్నాయి?" దాదాపు అందరూ 50, 30 అంటారు. తప్పు, 50 ఒక్కటే. 30 పని తీరిపోయి దిగిపోయింది. రికర్షన్‌లో అయితే 30 ఇంకా నిలబడే ఉంటుంది, ఎందుకంటే కుడి కొమ్మ నుంచి తిరిగి వచ్చి "నేను ముగిశాను" అని చెప్పాలి. దొంతరలో ఉండేది నడిచి వచ్చిన దారి కాదు, మిగిలిన బాకీ. వరుసలవారీగా చూడమంటే మాత్రం దొంతర పనికిరాదు, రేషన్ దుకాణం ముందు నిలబడినట్టు ముందు వచ్చినవాడికి ముందు, అంటే క్యూ వాడాలి.

ఇరుక్కున్నప్పుడు, ఆ తర్వాత

నోరు మూతపడే క్షణం అందరికీ వస్తుంది. అప్పుడు "ఆలోచిస్తున్నాను" అనకండి, దానివల్ల ఎదుటివాడికి ఏమీ తెలియదు. "కొమ్మలు నాకు ఎత్తు తెస్తున్నాయి, కానీ దానితో నా జవాబు రావడం లేదు, ఇంకేదో కావాలి" అనండి. సగం సార్లు ఆ వాక్యం ముగిసేలోపే ఆ ఇంకేదో తడుతుంది. తట్టకపోతే కనీసం ఎదుటివారు చేయి అందించడానికి ఒక గట్టు దొరుకుతుంది.

ఇంత అయ్యాక ల్యాప్‌టాప్ తెరవండి. ఖాళీ ట్రీ, ఒకే నోడు, ఎడమ గొలుసు, కుడి గొలుసు, రెండు అంకెలు సమానమైన ట్రీ: ఈ ఐదింటినీ ముందుగా నడపండి, ఆ తర్వాతే పెద్దవి. పోయిన ఆదివారం వ్యాసం లెక్క ఖాళీ ట్రీకి మాత్రమే సరైన జవాబిచ్చి ఒకే నోడుకు 1 చూపించింది. గోడ మీద గీతలకు బదులు నోడ్లు రాసుకున్నారు. పది నిమిషాలు వెతికారు. ఆ వరుస రాసినవాడు "కొలత ఏమిటో మొదట్లో నేనే అడిగాను కదా" అని తల పట్టుకున్నాడు. ఈ ఆదివారం వాడే అడిగేవాడు.